మా అమ్మాయి లైఫ్ జాకెట్‌లోంచి జారిపోయింది

విశాఖపట్నం,
ఫిబ్రవరి 16.

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: పిల్లలకూ పెద్దలకూ ఒకటే ‘ఫ్రీ సైజ్’ అని మీరు అమ్మిన లైఫ్ జాకెట్ గురించి.

అయ్యా,

జనవరి 20న మీ వెబ్‌సైట్‌లో నాలుగు లైఫ్ జాకెట్లు ఆర్డర్ చేశాను. నాకు, మా ఆవిడకి, మా బావమరిదికి, ఎనిమిదేళ్ళ మా అమ్మాయికి. 25న పార్సిల్ వచ్చింది. రుషికొండలో కయాకింగ్ చేయాలని మా అమ్మాయి ఏడాదిగా అడుగుతోంది. కిందటిసారి వెళ్ళినప్పుడు దానికి సరిపోయే జాకెట్ ఒడ్డున దొరక్క, దాన్ని ఇసుకలో కూర్చోబెట్టి మేం మాత్రమే నీళ్ళలోకి వెళ్ళాం. ఈసారి అలా జరగకూడదనే సొంతంగా కొన్నాం.

మా మావయ్యగారు ఇక్కడి ఫిషింగ్ హార్బర్‌లో ముప్పై ఏళ్ళు మరపడవల మీద పనిచేశారు. పార్సిల్ విప్పగానే పిల్ల జాకెట్‌ని చేత్తో ఎత్తి చూసి, “అల్లుడూ, ఇది మన గుంటని ఎక్కడ మోస్తాది? గుంటే దీన్ని మొయ్యాల. ఒకపాలి లోతు లేని నీళ్ళలో చూసి, అప్పుడు సముద్రానికి తీసుకెళ్ళు” అన్నారు. (మా వైపు గుంట అంటే ఆడపిల్ల.) ఆయన మాట విన్నందుకే ఈరోజు నేను ఈ ఉత్తరం ఇంత నెమ్మదిగా రాయగలుగుతున్నాను.

ఫిబ్రవరి 1, ఆదివారం పొద్దున్న ఎంవీపీ కాలనీలో మా స్నేహితుడి అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌కి వెళ్ళాం. నీళ్ళు నా నడుము దాకా ఉన్నాయి. పిల్లకి జాకెట్ తొడిగి, మూడు బకిళ్ళూ పెట్టి, బెల్టులు చివరిదాకా లాగాను. అయినా పిల్ల ఛాతీకీ జాకెట్‌కీ మధ్య నా గుప్పెడు పట్టింది. మెట్ల మీంచి మెల్లగా దింపి, రెండు చేతులూ కింద పెట్టి, ఒక్క క్షణం వదిలాను. జాకెట్ పైకి లేచింది, పిల్ల కిందికి జారింది. గడ్డం, నోరు, ముక్కు ఒకదాని తర్వాత ఒకటి జాకెట్ లోపలికి వెళ్ళిపోయాయి. అది భయంతో చేతులు పైకెత్తింది. చేతులెత్తగానే చంకల దగ్గర ఉన్న కాస్త పట్టూ పోయి, పూర్తిగా కిందినుంచి బయటికొచ్చేసింది. జాకెట్ మాత్రం నీళ్ళ మీద చక్కగా తేలుతోంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వెంటనే ఎత్తేశాను. రెండు మూడు సెకన్లు కూడా అయి ఉండదు. నీళ్ళు మింగి, దగ్గి, చాలాసేపు నా మెడ వదల్లేదు. ఆ తర్వాత నాలుగు రోజులు స్నానానికి షవర్ కింద నిలబడటానికి కూడా భయపడింది.

మా ఊరి సముద్రం మీకు తెలుసో లేదో. ఆర్కే బీచ్‌లో మోకాలి లోతులో నిలబడినా, అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకని లాక్కుపోతుంది. పూల్‌లో జరిగింది అక్కడ జరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే నాకు చేతులు వణుకుతున్నాయి.

అదే రోజు సాయంత్రం మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను, మెయిల్ కూడా పెట్టాను. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి “బెల్ట్ ఇంకా టైట్ చేయండి సార్” అంది. ఇక టైట్ కావడానికి బెల్ట్ మిగల్లేదు. రెండోసారి చేస్తే, వాడిన వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు. నీళ్ళలో వేసి చూడకుండా లైఫ్ జాకెట్ పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుందండీ? మెయిల్‌కి ఫిబ్రవరి 12న, అంటే పదకొండు రోజులకి, జవాబు వచ్చింది. ‘సైజ్ సమస్యను లోపంగా పరిగణించలేము’ అన్నారు. రెండు వందల రూపాయల కూపన్ ఇచ్చారు. ఆ కూపన్ నాకు అక్కర్లేదు.

చొక్కా వదులైతే సైజ్ సమస్య. లైఫ్ జాకెట్ వదులైతే అందులోంచి మనిషి జారిపోతాడు. ఈ తేడా మీ కంపెనీలో ఒక్కరైనా అర్థం చేసుకోవాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ పేజీలో ‘20 నుంచి 100 కిలోల వరకు అందరికీ’ అని ఉంది. మా అమ్మాయి బరువు 22 కిలోలు, ఛాతీ చుట్టుకొలత 58 సెంటీమీటర్లు. నా బరువు 78 కిలోలు. మాకిద్దరికీ వచ్చినవి ఒకే కొలత జాకెట్లు, రంగు ఒక్కటే తేడా. బెల్టులన్నీ బిగించాక టేపు పెట్టి కొలిస్తే లోపలి చుట్టుకొలత 74 సెంటీమీటర్లు వచ్చింది. ఓడల్లో ఉంచే లైఫ్ జాకెట్లకు అంతర్జాతీయ నిబంధనలు బరువును బట్టి మూడు తరగతులు పెట్టాయి: 15 కిలోల లోపు పసిపిల్లలకు ఒకటి, 15 నుంచి 43 కిలోల లోపు పిల్లలకు ఒకటి, ఆ పైవారికి ఒకటి. మీరు అమ్మేది ఓడల జాకెట్ కాదని నాకూ తెలుసు. కానీ పిల్ల ఒళ్ళు, పెద్దవాళ్ళ ఒళ్ళు ఓడలోనైనా కయాక్‌లోనైనా ఒకటే కదా.

ఇంకో విషయం. పేజీలోని ఫొటోలో పాప కాళ్ళ మధ్యనుంచి ఒక బెల్ట్, మెడ వెనక దిండులాంటి కాలర్, పట్టుకుని పైకి లాగడానికి ఒక పట్టీ కనిపిస్తున్నాయి. మాకు వచ్చినదానికి ఈ మూడూ లేవు. జాకెట్ పైకి లేవకుండా ఆపేది ఆ కాళ్ళ మధ్య బెల్టే. అది ఉండి ఉంటే మా అమ్మాయి అలా జారేది కాదు.

లేబుల్ మీద ‘ఎక్స్‌ఎల్’ అని తప్ప ఏమీ లేదు. ఎన్ని న్యూటన్లో లేదు, ఎంత బరువువాళ్ళకో లేదు, తయారుచేసినవారి అడ్రస్ లేదు. పది న్యూటన్లంటే దాదాపు ఒక కిలో బరువుని పైకెత్తే బలం. 50 న్యూటన్ల రకం ఈత వచ్చినవాళ్ళకి, ఒడ్డు దగ్గర, పక్కన సాయం ఉన్నచోట పనికొస్తుంది. స్పృహ తప్పితే ముఖాన్ని పైకి తిప్పుతుందని దాన్ని నమ్మడానికి లేదు. ఈత రానివాళ్ళకి 100 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కావాలి. నేను కొనేముందు ఇదే అడిగాను. మీ చాట్‌లో ‘హెవీ డ్యూటీ, మునగదు’ అని జవాబిచ్చారు. జాకెట్ మునగలేదు, నిజమే. మునిగింది మా పిల్ల.

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగినప్పుడు, బతికి బయటపడ్డవాళ్ళలో చాలామంది లైఫ్ జాకెట్ వేసుకున్నవాళ్ళేనని మేమంతా టీవీలో చూశాం. అప్పట్నుంచి మా ఇంట్లో నీళ్ళ దగ్గరికి వెళ్తే జాకెట్ తప్పనిసరి. మాలాగే జాకెట్ ఉంది కదా అనే ధైర్యంతో పిల్లల్ని నీళ్ళలోకి దింపే తల్లిదండ్రులు మీ దగ్గర ఇంకా ఎంతమంది కొన్నారో మీ లెక్కల్లోనే ఉంటుంది.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. నాలుగు జాకెట్ల డబ్బు మొత్తం తిరిగి ఇవ్వండి. కూపన్ వద్దు. ఆ పేజీలోంచి ‘పిల్లలకు’ అనే మాటనీ, పాప ఫొటోనీ ఈ వారంలోనే తీసేయండి. న్యూటన్లు, బరువు, ఛాతీ కొలత రాయకుండా ఏ లైఫ్ జాకెట్‌నీ అమ్మకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పటికే పిల్లల కోసం దీన్ని కొన్నవాళ్ళందరికీ మెసేజ్ పంపండి. జాకెట్ వేసి, బెల్టులు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడమనండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే, అది పిల్లకి వేయొద్దని స్పష్టంగా చెప్పండి. ఈ ఒక్క పని చేస్తే మిగతావాటికి నేను కొన్నాళ్ళు ఆగుతాను.

ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మొదటి గడువు మీరు ఎప్పుడో దాటేశారు. మార్చి 1 లోగా సరైన జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

బిల్లు, మీ పేజీ స్క్రీన్‌షాట్లు, టేపుతో కొలిచిన ఫొటోలు, మీ చాట్, మెయిల్ జవాబు జతచేశాను. పిల్ల జాకెట్ నా దగ్గరే ఉంచాను. మీ మనిషిని పంపితే చూపిస్తాను.

ఇట్లు,
మీ దగ్గర జాకెట్లు కొన్న ఒక తండ్రి