మొత్తం ప్రయాణం ఎన్ని గంటలో టికెట్ మీదే రాయాలి

సంపాదకుడికి,

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి మొదటిసారి విమానం ఎక్కుతున్న తల్లిదండ్రులు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. హైదరాబాద్ నుంచి చికాగో ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే సుమారు 13,300 కిలోమీటర్లు, 16, 17 గంటల ప్రయాణం అని వస్తుంది. వాళ్లు దాన్నే నమ్ముకుని మందులు సర్దుకుంటారు, మనసును సిద్ధం చేసుకుంటారు.

ఆ లెక్క ఎక్కడా ఆగకుండా, అతి దగ్గరి దారిలో పోయే విమానానిది. ఆ దారి పంజాబ్, కశ్మీర్ మీదుగా మధ్య ఆసియా, రష్యా దాటి ఆర్కిటిక్ మీదుగా పోతుంది. 2021 జనవరిలో ఎయిరిండియా శంషాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది గానీ అది ఎక్కువ కాలం నడవలేదు. 2022 నుంచి అమెరికా సంస్థలకు రష్యా గగనతలం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. కాబట్టి చాలామంది దుబాయ్‌లోనో దోహాలోనో లండన్‌లోనో విమానం మారి వెళ్తున్నారు.

దుబాయ్ మీదుగా వెళ్తే పెరిగే దూరం దాదాపు 900 కిలోమీటర్లే, గాలిలో గంటకు కాస్త ఎక్కువ. అసలు సమయమంతా పోయేది నేల మీద. రెండో విమానం కోసం మూడు గంటలు ఆగాలా, పది గంటలు ఆగాలా అన్నది కొన్న టికెట్‌ను బట్టి ఉంటుంది. ధర తక్కువని తీసుకున్న టికెట్‌లో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ రాత్రంతా కుర్చీలో కూర్చోవాల్సి వస్తుంది. గుంటూరు, ఖమ్మం వాళ్లయితే శంషాబాద్ చేరడానికి కారులో గంటలు, అక్కడ మూడు గంటల ముందు హాజరు కూడా కలుపుకోవాలి.

టికెట్ మీది టైమ్ ఇంకా తికమక పెడుతుంది. తెల్లవారుజామున 4కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 4కి చికాగో చేరుతుందని ఉంటే పన్నెండు గంటలే అనుకుంటారు. ఆ రెండూ ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. వేసవిలో చికాగో మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి అది నిజానికి 22 గంటల 30 నిమిషాల ప్రయాణం. శీతాకాలంలో మరో గంట ఎక్కువ. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు, బీపీ మాత్రలు వాడేవాళ్లకు ఈ తేడా తెలియకపోతే ప్రమాదమే.

చికాగోలో దిగి డాలస్‌కో అట్లాంటాకో వెళ్లేవాళ్లు ఇమ్మిగ్రేషన్ అయ్యాక సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలన్న సంగతి కూడా ఎవరూ ముందు చెప్పరు. ఇంగ్లిష్ రానివాళ్లకు అక్కడే కాళ్లు వణుకుతాయి.

పౌర విమానయాన శాఖకు నా విన్నపం ఇది. మొత్తం ప్రయాణం ఎన్ని గంటలు, అందులో ఎక్కడ ఎంతసేపు ఆగాలి అన్నవి ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో అంత పెద్ద అక్షరాల్లో, కోరినవాళ్లకు తెలుగులో, టికెట్ మీద ఉండేలా నిబంధన పెట్టాలి. ట్రావెల్ ఏజెంట్లకూ అది వర్తించాలి. గగనతలం మళ్లీ తెరుచుకున్న రోజున శంషాబాద్ నుంచి అమెరికాకు నేరు విమానం కోసం రెండు తెలుగు ప్రభుత్వాలూ కలిసి గట్టిగా అడగాలి. అంతవరకు, అమ్మానాన్నలకు టికెట్ కొనే పిల్లలు ధర కంటే ముందు మధ్యలో ఆగే గంటలు చూడండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు