ఆ వల మన షాపుదే

విశాఖపట్నం,
ఫిషింగ్ హార్బర్ దగ్గర, షాపు నుంచి.

బుజ్జీ,

ఫోన్‌లో మొదలుపెడితే సగంలో నువ్వో నేనో కట్ చేస్తాం. అందుకని రాస్తున్నాను. మధ్యాహ్నం బేరాల్లేవు. బిల్లు బుక్కు కాగితాల వెనక రాస్తున్నాను, చేతిరాత చూసి నవ్వకు. మీ తమ్ముడు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతానన్నాడు. వాడు చదువుతాడు, తెలుసు. చదవనీ.

ముందు అసలు సంగతి. ఆ వల మన షాపుదే.

ఆ రాత్రి అన్నాల దగ్గర నువ్వు సముద్రం అడుగున తీసిన వల ఫొటో ఫోన్‌లో నా ముందు పెట్టి "నాన్నా, ఇది మనం అమ్మిందేనా?" అని అడిగితే నేను కంచం తోసేసి లేచాను. ఈ వలల డబ్బుతోనే నీ అండమాన్ డైవింగ్ కోర్సు ఫీజు కట్టానని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నువ్వు తెల్లారి ఫ్లైట్‌కి వెళ్ళిపోయావు. అప్పటి నుంచి మీ అమ్మ ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తోంది. ఆవిడకూ విసుగొచ్చింది.

నిజానికి ఫొటో చూసిన క్షణంలోనే గుర్తుపట్టాను. రాళ్ళ మీద దుప్పటి కప్పినట్టు పరుచుకుని ఉంది. బెండ్లు కొన్ని ఊడిపోయాయి, సీసం గుండ్లు మాత్రం ఉన్నాయి. గుండుకీ గుండుకీ మధ్య జానెడు, అది మన కొలత. ఇంకో గుర్తు నీకు చిన్నప్పటి నుంచి తెలుసు. ప్రతి వల పైతాడు మొదట్లో ఓ ఎర్రదారం చుట్ట వేస్తాం, మీ తాతయ్య పెట్టిన పద్ధతి. నీ ఫొటోలో అది నల్లగా ఉంది. లోతుకు వెళ్ళేకొద్దీ ముందు మాయమయ్యేది ఎరుపే అని నువ్వే కదా చెప్పావు. నల్లగా ఉన్నా నా ముడి నాకు తెలియదా?

నీ వీడియోలో చూస్తే ఆ వలలో పీత ఒకటి ఇంకా కాలు ఆడిస్తోంది. దాని పక్కన ఏదో చేప ముల్లు. చేప చిక్కుకుని చచ్చిపోతే దాన్ని తినడానికి పీత వస్తుంది, పీత కోసం ఇంకోటి వస్తుంది. లాగే మనిషి లేకుండానే వేట సాగుతూ ఉంటుందన్నావు. నిజమే. మీ తాతయ్య కుర్రతనంలో నూలు వలలు. చెట్టు బెరడు కషాయంలో ముంచి ఎండబెట్టినా నాలుగు కాలాలు ఆగేవి కావు, కుళ్ళిపోయేవి. నైలాన్ వచ్చాక "ఇది కుళ్ళదు" అని చెప్పే అమ్మాం. ముప్ఫయ్యేళ్ళు నేనూ అదే చెప్పాను. అది నీళ్ళ అడుగున కూడా కుళ్ళదు కదా అన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. సముద్రం పక్కనే పుట్టాను, దాని పైభాగం తప్ప ఏమీ చూడలేదు.

నువ్వు వెళ్ళిన వారానికి పెదజాలారిపేట పెద్దాయన తాడు కొనడానికి వచ్చాడు. నువ్వు చిన్నప్పుడు తాతా అని వెనకాల తిరిగేదానివి, ఆయనే. ఊరికే ఉండలేక నీ వీడియో చూపించాను. రెండు సార్లు చూశాడు. మూడోసారి చూస్తూ, "కైలాసగిరి ఈ పక్క, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ ఆ పక్క పెట్టుకుని వెళితే వచ్చే రాయి ఇది" అన్నాడు. నీళ్ళ కింద ఎన్నడూ చూడని రాయిని, వల తగులుకున్న తీరును బట్టి గుర్తుపట్టాడు! ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఆ వల నాది" అన్నాడు.

ఆరేళ్ళ కిందటి మాటట. నీటివాటు ఎక్కువగా ఉన్న రాత్రి వల ఆ రాతికి పట్టుకుంది. లాగితే బోటు ఒరిగిపోతోంది. కూడా అల్లుడు, మనవడు ఉన్నారు. కత్తి తీసుకుని తాడు కోసేశాడు. అరవై వేల వల. నా దగ్గరే అప్పు మీద తీసుకున్నాడు. పాత పుస్తకం తీసి చూశాను. రెండేళ్ళపాటు నెలనెలా కట్టాడు. వల సముద్రం అడుగున, అప్పు నా పుస్తకంలో. ఒక్క నెల కూడా నేను వద్దనలేదు.

నీ మీద కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు చెబుతాను. ఆ ఫొటో కింద నువ్వు ఇంగ్లీషులో ఏదో రాసి ఇన్‌స్టాలో పెట్టావు. మీ తమ్ముడు చదివి చెప్పాడు, వలలు పారేసేవాళ్ళకు సిగ్గుండాలి అని. బుజ్జీ, అరవై వేల వల ఎవడూ పారేయడు. చినిగిన ముక్కలు నీళ్ళలోకి విసిరేవాళ్ళు ఉన్నారు, లేరనను. రాతికి పట్టుకుని పోయినవి మాత్రం ఏడుస్తూ వదిలేసినవి.

నీతో గొడవపడ్డాక రాత్రుళ్ళు నిద్రపట్టక యూట్యూబ్ చూడటం మొదలుపెట్టాను. మీ అమ్మ కూడా పక్కన చేరింది. నీలా సముద్రంలోకి దిగే మీవాళ్ళందరినీ చూశాం. మీ అమ్మకు సిల్వియా ఎర్ల్, అమెరికా సముద్ర శాస్త్రవేత్త, బాగా నచ్చింది. 1970లో వర్జిన్ ఐలాండ్స్ దగ్గర, 15 మీటర్ల లోతున ఇనప ఇంట్లో అయిదుగురు ఆడవాళ్ళు రెండు వారాలు ఉన్నారు, ఆ జట్టుకు ఈవిడే లీడర్. పేపర్లవాళ్ళు వాళ్ళ పరిశోధన వదిలేసి వాళ్ళ అందం గురించి రాశారట. మీ అమ్మ అదంతా విని, "మరి లోపల వంట ఎవరు చేశారు?" అంది. నువ్వు కనుక్కుని చెప్పు, రోజూ అడుగుతోంది.

నాకు నచ్చింది వాలెరీ టేలర్, ఆస్ట్రేలియా ఆవిడ. ఎందుకంటే ఆవిడ మొదట వేటగత్తె. భార్యాభర్తలిద్దరూ నీళ్ళలో ఈటెలతో చేపలు పొడిచే పోటీల్లో ఛాంపియన్లు. ఆయన, రాన్, 1965లో ప్రపంచ ఛాంపియన్. ఆ పైన ఈటె పక్కన పెట్టి కెమెరా పట్టుకున్నారు. జాస్ అనే సొరచేప సినిమాలో నిజం సొరల షాట్లు తీసింది వాళ్ళే. ఆ సినిమా చూసి భయపడిన జనం సొరల్ని చంపుతుంటే అమెరికా వెళ్ళి, అది కథ బాబూ, సొరలు అలాంటివి కావు అని తిరిగి చెప్పారు. తరువాత గ్రే నర్స్ అనే సొర కోసం పోరాడారు. 1984లో న్యూ సౌత్ వేల్స్‌లో దానికి చట్టం రక్షణ వచ్చింది, ప్రపంచంలో ఏ సొరకైనా అదే మొదలట. చంపిన చెయ్యి కాబట్టే ఆవిడ మాటకు విలువ వచ్చిందని నాకు అనిపించింది. వలలు అమ్మే వాడిని కాబట్టి అలా అనిపించిందేమో కూడా.

వీటన్నిటికంటే నన్ను కూర్చోబెట్టింది మాత్రం మెక్సికోలోని ఒక చిన్న పల్లె. కాబో పుల్మో దాని పేరు. నీకు తెలిసే ఉంటుంది. ముత్యాలు తీసే కుటుంబాలు, తరువాత చేపల వేటలోకి వచ్చాయి. ఎనభైల నాటికి దగ్గర్లో చేపలు లేక దూరం వెళ్ళాల్సి వచ్చింది, మన హార్బర్ కథే. అక్కడికి యూనివర్సిటీవాళ్ళు పగడాలు చూడటానికి వచ్చారు. వాళ్ళతోపాటు ఊరివాళ్ళు కూడా మాస్కు పెట్టుకుని తల నీళ్ళలో పెట్టారు. తమ లంగర్లు పడిన చోట పగడం ఎలా విరిగిపోయిందో వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూశారు. ఎవరూ తిట్టలేదు. 1995లో అది నేషనల్ పార్కు అయింది. వేట మానేసి వాళ్ళలో చాలామంది డైవింగ్ గైడ్లయ్యారు. 1999 నుంచి 2009 దాకా పదేళ్ళలో అక్కడి చేపల మొత్తం బరువు 460 శాతానికి పైగా పెరిగిందని శాస్త్రవేత్తలు కొలిచారు. ఈ లెక్క పెద్దాయనకు చెబితే నమ్మలేదు. "ఆ చేపలు పార్కు గీత దాటి బయటికి రావా?" అన్నాడు. వస్తాయట, బయట వేసేవాళ్ళకూ దొరుకుతాయట అన్నాను. అప్పుడు కాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు.

మన దేశంలోనూ ఉంది. గుజరాత్‌లో తిమింగల సొరను పడవలకు పూసే నూనె కోసం, మాంసం కోసం చంపేవారు. 2001లో చట్టం వచ్చింది. చట్టం వస్తే ఏమవుతుందో మన హార్బర్‌లో చూస్తూనే ఉంటాం. అక్కడ మొరారీ బాపు అనే కథలు చెప్పే ఆయన, అది పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్ల అని జాలర్లకు చెప్పాడు. ఇంకేముంది, వలలో పడితే వల కోసి వదిలేయడం మొదలుపెట్టారు. కోసిన వలకు అటవీ శాఖ డబ్బు ఇస్తుంది, అది కూడా ముఖ్యమే. పుట్టింటి మాట ఒక్కటే చెప్పి డబ్బు ఇవ్వకపోతే ఎన్నాళ్ళు కోస్తారు? 2021 డిసెంబర్‌లో మన తంతడి బీచ్‌కు అలాంటిదే కొట్టుకొచ్చినప్పుడు మళ్ళీ నీళ్ళలోకి నెట్టిన చేతుల్లో జాలర్లవీ ఉన్నాయి. అది నీ ఇన్‌స్టాలో పెట్టు.

ఇక నీకు నచ్చని సంగతులు. డైవ్ చేసిన రోజు ఫ్లైట్ ఎక్కకు. వరసగా చేశాక కనీసం 18 గంటలు ఆగాలని నీ కోర్సు పుస్తకంలోనే ఉందట, నేను చదివించుకున్నాను. మొన్న ఎన్ని గంటలు ఆగావు? నామీద కోపంతో తెల్లారే వెళ్ళిపోయావు, ముందు రోజు పొద్దున్న దిగావు. లెక్క చూశాను, 20 గంటలు. లెక్క చూసేదాకా నాకు టెన్షనే. పైకి వచ్చేటప్పుడు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతున్నావా? ఊపిరి బిగబట్టకూడదు అన్నది కూడా విన్నాను. మీ అమ్మ దగ్గర ఆ మాట అనకు, ఆవిడ ఇప్పటికే గంగమ్మకు మొక్కుకుంది.

వల తీయడం ఒక్కదానివే చేయకు. వల కోసేవాళ్ళు వలలోనే చిక్కుకుపోతారని హార్బర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. ఇంకో మనిషి, ఇంకో కత్తెర ఉండాలి. వల మీద పగడం పెరిగిపోయిన చోట లాగకూడదని, చుట్టూ కోసి అంతవరకు వదిలేయాలని కూడా చూశాను. ఆ వల వదులుగా ఉన్న భాగం ఎంతో నువ్వే చూసి చెప్పు.

నా ఆలోచన ఇది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. వలలు బాగు చేసుకుంటూ మన షాపు ముందు నీడలో నలభై మంది కూర్చుంటారు. ఆ రోజుల్లో నువ్వు ఒక వారం సెలవు పెట్టు. నీ వీడియోలు గోడ మీద వేద్దాం, ప్రొజెక్టర్ అద్దెకు తెస్తాను. ఇంగ్లీషు వద్దు. సిగ్గు గురించి వద్దు. రాళ్ళు చూపించు, చేపలు చూపించు. పెద్దాయన మొదట అడిగింది కూడా అదే, "అక్కడ చేపలున్నాయా?" అని. ఎక్కడెక్కడ రాళ్ళున్నాయో, ఎక్కడ వలలు పోయాయో వాళ్ళు చెబుతారు. అది నీ దగ్గరున్న ఏ మ్యాపులోనూ ఉండదు. షాపు గోడకు బోర్డు పెట్టి రాయిస్తాను, ఈ గుర్తుల మధ్య రాయి ఉంది, వల వేయకండి అని. వల తగ్గితే నా బేరం తగ్గుతుందని మీ తమ్ముడు అన్నాడు. పోయిన వలకు రెండేళ్ళు అప్పు వసూలు చేయడం కంటే నయమే.

దిండిగల్ ఉమా మణి గారు 49 ఏళ్ళకు ఈత నేర్చుకుని పగడాలు చూడటానికి దిగారట. నాకు 57. అలా నవ్వకు. మాస్కు పెట్టుకుని బోటు పక్కన తల ముంచితే చాలు నాకు, అంతకంటే వద్దు.

పర్మిషన్ల సంగతి నేను తిరుగుతాను. రుషికొండలో నీకు తెలిసిన ఆ రిటైర్డ్ నేవీ డైవర్లకు నువ్వు చెప్పు. నీళ్ళు తేటపడే రోజు పెద్దాయన చూసి చెబుతాడు, బోటు ఆయనదే. డీజిల్ నాది. షాపులో ఉన్న కత్తెరలు ఉప్పునీటికి తుప్పుపడతాయి, స్టీలువి రెండు తెప్పించాను.

ఆయన ఒకటే షరతు పెట్టాడు. వలతోపాటు వచ్చే సీసం గుండ్లన్నీ ఆయనకే ఇచ్చేయాలట. సరే అన్నాను.

మీ నాన్న