చారలు కనబడగానే పులి కాదు

సంపాదకులకు,

చలికాలం వచ్చిందంటే మన జిల్లా పేజీల్లో ‘పులి సంచారం’ వార్త తప్పదు. చందంపేట గుట్టల్లోనో, అమ్రాబాద్ పీఠభూమి మీద పదర వైపో ఎవరికో ఏదో కనబడుతుంది. మసక వీడియో ఒకటి ఫోన్లలో తిరుగుతుంది. తెల్లారేసరికి పత్తి ఏరే కూలీలు చేనికి పోవడం మానేస్తారు. నల్లమలలో పెద్దపులి ఉన్న మాట నిజమే. కానీ కన్ను మూసి తెరిచేలోగా దారి దాటిపోయిన జంతువు ఏదో తేల్చడానికి రంగును నమ్మితే మోసపోతాం. పొద్దు వాలే వేళ ఎండుగడ్డిలో దుప్పి కూడా ఎర్రగానే ఉంటుంది. హెడ్‌లైట్ల వెలుగులో నక్క తెల్లబడుతుంది. ముందు వెన్ను చూడాలి, తర్వాత తోక, తర్వాత నడక. రంగు అన్నిటికన్నా చివర.

ఎక్కువ గోల చేసేది దుమ్ములగొండి, అంటే హైనా. ఒంటి మీద, కాళ్ల మీద నల్ల చారలుంటాయి కాబట్టి ‘చిన్న పులి’ అంటారు. దాని వెన్ను మెడ దగ్గర ఎత్తుగా ఉండి తోక వైపు జారిపోతుంది, వెనక భాగం కుంగినట్టు కనిపిస్తుంది. మెడ నుంచి నడుము దాకా జూలు, కోసుగా నిలబడ్డ చెవులు, గుబురు తోక. పులికి వెన్ను దాదాపు సమంగా, చెవులు గుండ్రంగా ఉంటాయి. సన్నని పొడవాటి తోక కొస పైకి వంగి ఉంటుంది. దుమ్ములగొండి 35 కిలోల అటూ ఇటూ తూగితే, పెద్దపులి దానికి మూడు రెట్ల పైమాటే. బండరాళ్ల గుట్టలున్న ఊళ్లలో చచ్చిన పశువులను పారేసే చోట చారల జంతువు కనబడితే ముందుగా దీన్నే అనుమానించాలి. దాని పేరులోనే దుమ్ములున్నాయి, దుమ్ములంటే బొక్కలే. బొక్కలు నమిలి మింగుతుంది కాబట్టి దాని పెంట ఎండితే సున్నపు ముద్దలా తెల్లబడుతుంది. చిరుత పెంటలో వెంట్రుకలు మెలిపడి ఉంటాయి.

ఇక ‘చిరుత పిల్ల’ కబుర్లు. చెరువు కట్ట కింద, వరి మళ్ల గట్ల మీద ఒంటరిగా కనబడేది చాలాసార్లు అడవిపిల్లి. పొడుగు కాళ్లు, కొసన చిన్న నల్ల కుచ్చున్న చెవులు. తోక పొట్టి, చివర్లో నల్ల కట్లు. ఎదిగినదానికి ఒంటి మీద మచ్చలుండవు. చిరుత కూనకు పువ్వుల్లాంటి మచ్చలు, పొడుగు తోక ఉంటాయి. అయినా అంత చిన్న కూన తల్లి లేకుండా గట్ల మీద షికారు చేయదు.

ఎర్రటి కుక్కలు నాలుగైదు కలిసి కనబడి, తోక గుబురుగా నల్లగా, చెవులు గుండ్రంగా ఉంటే అవి రేసుకుక్కలు. మొరగవు, ఈలలు వేసుకుంటాయి. తోక కొస మాత్రమే నల్లగా ఉండి, ఒళ్లు బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటే నక్క. పైన తెల్లటి దుప్పటి కప్పినట్టు, కింద నల్లగా, మోకాలి ఎత్తు కూడా లేని జంతువు తల వంచుకుని గబగబా పోతే ‘ఎలుగుబంటి పిల్ల’ అనకండి. అది హనీ బ్యాడ్జర్. ఎలుగు పిల్లకు ఆ తెల్ల వీపు ఉండదు, పైగా అది తల్లి వీపెక్కి తిరిగే వయసు.

అసలు ఎవరూ ఊహించనిది మూషిక జింక. హైదరాబాద్ జూలో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల తోడ్పాటుతో వీటి సంతతి పెంచి, 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. మూరెడు ఎత్తుండదు, మూడు కిలోల అటూ ఇటూ తూగుతుంది. మగదానికీ కొమ్ములుండవు. గోధుమ రంగు ఒంటి మీద తెల్ల మచ్చలు వరుసలు కట్టి గీతల్లా కలిసిపోతాయి, గొంతు మీద తెల్ల పట్టీలు. పొదలోంచి పొదలోకి దూరినప్పుడు చాలామంది చెవులపిల్లి అనుకుంటారు. చెవులపిల్లి దుముకుతుంది, చెవులు పొడుగు. మూషిక జింక పుల్లల్లాంటి కాళ్ల మీద మునివేళ్లతో నడిచినట్టు పోతుంది, వెనక భాగం కాస్త ఎత్తుగా, వీపు గూనిగా ఉంటుంది. దుప్పి పిల్లతో పొరపడితే కాళ్లు చూడండి. పుట్టిన దుప్పి పిల్లవి కూడా దీనికన్నా బాగా పొడుగు.

ఎత్తు అంచనాలోనే అందరూ దెబ్బతింటారు. భయంలో ప్రతిదీ దూడంత కనబడుతుంది. జంతువు వెళ్లిపోయాక మీరు నిలబడ్డ చోటు నుంచి కదలకండి. తోడున్న మనిషిని అది దాటిన చోట నిలబెట్టి ఫొటో తీస్తే, అది అతని మోకాలి దాకా వచ్చిందా, నడుము దాకానా తేలిపోతుంది. పొదలో కదలిక ఆగలేదంటే మాత్రం ఎవరినీ పంపొద్దు. ఫోన్లో బొమ్మలు వెతకడానికి ముందే చూసింది చూసినట్టు రాసుకోవాలి. బొమ్మ చూశాక, మనం చూసింది పోయి ఆ బొమ్మే కళ్లలో ఉండిపోతుంది.

ఖాయంగా చెప్పగలిగేది అడుగు జాడ. బండి బాటలో మెత్తటి దుమ్ము మీద పడ్డదాన్ని ఎంచుకోవాలి. బురదలో అడుగు వెడల్పవుతుంది, వాలు మీద సాగుతుంది, అక్కడే కుక్క చిరుతవుతుంది, చిరుత పులవుతుంది. పక్కన పది రూపాయల నాణెం పెట్టి, సరిగ్గా పైనుంచి, ఫ్లాష్ లేకుండా, ఎండ ఏటవాలుగా పడే పొద్దున తీయాలి. ఆ నాణెం అడ్డం 27 మిల్లీమీటర్లు. చిరుత అడుగు దాదాపు మూడు నాణేల వెడల్పు, పెద్దపులిది నాలుగున్నర నుంచి అయిదు. పెద్ద ఊరకుక్కది కూడా మూడు నాణేలకు దగ్గరగా వస్తుంది, కాబట్టి కొలత ఒక్కటే చాలదు. కుక్క అడుగులో వేళ్ల ముందు గోటి గుచ్చులు పడతాయి, నడిమి రెండు వేళ్లూ సమానంగా ముందుకుంటాయి. పిల్లి జాతిలో గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, నడిమి వేళ్లలో ఒకటి కాస్త ముందుంటుంది, మడమ దిండు వెనక అంచు మూడు వంపులు తిరుగుతుంది. జారుడు నేల మీద మాత్రం పులికైనా గోళ్లు దిగుతాయి. దుమ్ములగొండికి గోళ్లు పడతాయి, పైగా ముందు అడుగు వెనక దానికన్నా స్పష్టంగా పెద్దది. ఒక్క అడుగు చూసి తీర్పు చెప్పకుండా కనీసం నాలుగైదు వరుసగా తీయండి. మంచి జాడ మీద గంప బోర్లించి చుట్టూ ముళ్లకంప వేస్తే, అటవీ శాఖ బీట్ ఆఫీసర్ వచ్చేదాకా మేకలు తొక్కకుండా నిలుస్తుంది. జాడ చదవడంలో చెంచుల కన్ను మనకు రాదు. మన్ననూరు చుట్టుపక్కల పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, పెద్దవాళ్లను అడిగితే ఆ అడుగు ముందుదో వెనకదో, నిన్నటిదో మొన్నటిదో కూడా చెబుతారు.

మీ విలేకరులకు ఒక మనవి. ‘పులి’ అని శీర్షిక పెట్టే ముందు నాణెం పక్కన పెట్టి తీసిన జాడ ఫొటో ఉందా అని అడగండి. లేకపోతే ‘గుర్తు తెలియని జంతువు’ అని రాస్తే చాలు. అలుగు (ఒంటి నిండా పొలుసులుండే పాంగోలిన్) గాని, మూషిక జింక గాని కనబడ్డ వార్తయితే ఊరి పేరు, వాగు పేరు వేయకండి. పాఠకులు కూడా అలాంటి ఫొటోను నలుగురికి పంపేముందు అందులోని లొకేషన్ తీసేయాలి. వేటగాళ్లకు ఆ ఒక్క ముక్క చాలు.

— ఒక పాఠకుడు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా