వంచిన కమ్మీల గురించి అమ్మడికి

కావలి

అమ్మడూ,

ఇక్కడ అందరం బాగుండాం. పెద్దక్క కొడుక్కి జ్వరం తగ్గింది. మీ అమ్మ మోకాలికి కొత్త మందు వాడతా ఉంది. మొన్న రమణ మామ వచ్చిపోయాడు. మీ సైట్లో ఏడాదిగా వంచి పడేసిన కాలమ్ కమ్మీలను మళ్లీ లేపి కాంక్రీటు పొయ్యమన్నారని, నువ్వు సంతకం పెట్టనన్నావని చెప్పాడు. అప్పట్నుంచి నీ ఫోన్ లేదు. అది అడగడానికి రాయట్లేదులే. వేళకి తింటన్నావా? హెల్మెట్ కింద తడిగుడ్డ పెట్టుకో.

కమ్మీల మాటొచ్చింది కాబట్టి చెప్తా. ఆత్మకూరు వైపు ఒక బడికి పై అంతస్తు ఎత్తతా ఉన్నాం. కింది అంతస్తు కట్టినోళ్లు, పైకి వదిలిన కమ్మీలు పిల్లోళ్లకు తగలకుండా స్లాబు మీదకు వంచేసి పోయినారు. కొన్నేళ్లు అట్టనే ఉండాయి. మస్తానయ్య పైపు దూర్చి లేపితే మొదటిది లేచింది. రెండోది వంపు దగ్గర టప్పున విరిగి, అతని చెయ్యి చీరుకుపోయింది. తుప్పు తినేసిందన్నారు. చూస్తే విరిగినచోట లోపలంతా మెరస్తా ఉంది. సాగాల్సిన ఇనుము పలుగురాయి మాదిరి విరిగింది. లేచినవాటిని కూడా నమ్మలేదు. కాంక్రీటు చెక్కి, నిలువు కమ్మీ దొరికిందాకా దిగి కొత్తవి కలిపాం. పని వెనకబడిందని పైవాళ్లు తిట్టారు. తిట్టనీ, పైన కూర్చునేది పసిపిల్లలు.

నువ్వు చదివిందే. వంచినప్పుడు ఉక్కులో డిస్‌లొకేషన్లు, అంటే పరమాణువుల వరసల్లో తప్పులు, పుడతాయి. అవి కదిలితేనే ఉక్కు సాగేది. వెంటనే లాగితే ఈల్డ్ పాయింట్, అంటే ఇనుము మళ్లీ వెనక్కి రాకుండా సాగడం మొదలయ్యే చోటు, విడిగా కనపడకుండా సాగతాది. నెలలు గడిస్తే కార్బన్, నైట్రోజన్ పరమాణువులు ఆ తప్పుల చుట్టూ చేరి కదలనివ్వవు. 1949లో కాట్రెల్, బిల్బీ అనే శాస్త్రవేత్తలు చెప్పింది ఇదే. ఎండకు ఇంకా తొందరగా జరగతాది. అప్పుడు లాగితే ఈల్డ్ పాయింట్ ముందుకన్నా పైనొస్తుంది. ఆ అంకె చూపించి బలం పెరిగిందంటారు, సాగుడు తగ్గిందని చెప్పరు. భూకంపంలో కాపాడేది ఆ సాగుడే. 500డి రకం కమ్మీకి కనీసం 16 శాతం సాగుడు అడిగేది ఊరికే కాదు.

నీ మీదకొస్తే రీబెండ్ (వంచి మళ్లీ తిప్పే) పరీక్ష అడుగు. కమ్మీని వంచి, మరిగే నీళ్లల్లో 30 నిమిషాలుంచి, చల్లారాక వెనక్కి తిప్పుతారు. నెలల వయసు అరగంటలో తెప్పించడానికే ఆ నీళ్లు. గ్యాసుతో కాల్చి లేపుతామంటే అసలే ఒప్పుకోవద్దు, టీఎంటీ కమ్మీకి, అంటే ఎర్రగా ఉన్నప్పుడే నీళ్లతో చల్లార్చి పైపొర గట్టిచేసిన కమ్మీకి, ఆ గట్టిదనం పోతాది.

ఉద్యోగం పోతుందనా మాట్లాడటం లేదు? పోతే పోనీ, ఇల్లుంది. సంతకం మాత్రం పెట్టొద్దు. శనివారం బస్సులో ఆవకాయ, అరిసెలు పంపతన్నాం. తెల్లారుజామునే వస్తాది, డ్రైవరు చేస్తే ఫోన్ ఎత్తు.

మీ నాయన