మంత్రిగారూ, ఒక్కసారి మా బరువు మిషన్ ఎక్కి చూడండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడూ పై అధికారుల ద్వారా పద్ధతిగానే పంపాను. రెండింటికి "అందినది" అని ముద్ర వేసి ఇచ్చారు, మూడోదానికి ఆ ముద్ర భాగ్యం కూడా దక్కలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నా. నేను గర్భిణులకు పరీక్షలు చేసే నర్సుని. గర్భిణుల పరీక్షల పథకం గురించి మీకు చెప్పేంతదాన్ని కాదు, మొదలుపెట్టింది మీరే. నేను మాట్లాడేది గర్భిణి కార్డులో ఉన్న ఒకే ఒక్క గడి గురించి. బరువు గడి.

మా సెంటర్లో బరువు మిషన్ మీద ఎవరూ ఎక్కకముందే ముల్లు రెండు కిలోల దగ్గర నిలబడి ఉంటుంది. సున్నాకి తిప్పే చక్రం అరిగిపోయింది, ఎంత తిప్పినా ఊరికే తిరుగుతుంది. నేనైతే రెండు తీసేసి రాస్తాను. నేను సెలవు పెట్టిన రోజు వచ్చే ఆవిడకి ఆ సంగతి తెలియదు పాపం, కనిపించింది కనిపించినట్టు రాస్తుంది. దాంతో ఒక తల్లి ఒక నెలలో నాలుగు కిలోలు పెరిగినట్టు, ఆ పై నెలలో ఒక్క గ్రాము కూడా పెరగనట్టు కార్డులో ఎక్కుతుంది. రెండు కిలోలకే ఇంత గొడవా అని మీ ఆఫీసులో ఒకాయన నవ్వారు. అయ్యా, మామూలు బరువున్న తల్లి నాలుగో నెల నుంచి వారానికి పెరగాల్సిందే 350 నుంచి 500 గ్రాములు. నెల మొత్తం మీద ఒకటిన్నర, మహా అయితే రెండు కిలోలు. మా మిషన్ చెప్పే అబద్ధం ఒక నెల పెరుగుదలంత ఉంది.

ఒకమ్మాయి కార్డు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఐదో నెల 43, ఆరో నెల 43, ఏడో నెల 43. మూడు రకాల పెన్నులు, ఒకటే అంకె. మధ్యలో ఉన్నది నా చేతిరాతే. ఆ రోజు మిషన్‌ని ఎక్కడో క్యాంపుకి పట్టుకెళ్లారు. మేం వివరాలు ఎక్కించే యాప్‌లో ఆ గడి ఖాళీగా వదిలేస్తే ముందుకు కదలదు, బయట చూస్తే గుమ్మం దాకా క్యూ, పాత అంకెనే కొట్టేసి కార్డులోనూ అదే రాశాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. మరి ఏడో నెలలో రాసినావిడ కూడా అదే పని చేసిందా, లేక ఆ పిల్ల నిజంగానే ఏమీ పెరగలేదా? ఇప్పటికీ నాకు తెలియదు. బిడ్డ రెండు కిలోల లోపే పుట్టింది. 2500 గ్రాములకు తక్కువైతే తక్కువ బరువు బిడ్డ అని రాయాలి కదా, రాశాం. అది మాత్రం గ్రాములతో సహా కరెక్టుగా రాశాం, ఎందుకంటే పసిపిల్లల్ని తూచే మిషన్ కొత్తది.

మీ నివేదికలో ఆ అమ్మాయికి మూడుసార్లు బరువు చూసినట్టే లెక్క. అభినందనలు.

పోనీ మిషన్ బాగానే ఉందనుకుందాం. 52 అని రాశాననుకోండి, అది మంచిదా చెడ్డదా? ఆమె ఎత్తు ఎంతో తెలియాలి, గర్భం రాకముందో కనీసం మొదటి నెలల్లోనో ఎంత ఉండేదో తెలియాలి, ఇప్పుడు ఎన్నో వారమో తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే గర్భిణిని ఎనిమిదిసార్లు పరీక్షించాలని, మొదటిసారి 12 వారాల లోపే చూడాలని చెప్పింది. మా దగ్గరికి చాలామంది ఐదో నెలలో వస్తారు. అప్పుడు "ముందు ఎంత ఉండేదానివమ్మా" అని అడిగితే ఏం చెబుతారు, ఎప్పుడైనా తూచుకుంటే కదా. కార్డులో ఎత్తుకి గడే లేదు. మేమే గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాం. మీ శాఖవాళ్లు తనిఖీకి వస్తున్నారని గోడలకి సున్నం వేయించారు, గీతలు పోయాయి.

ట్రైనింగ్‌లో మాకు చెప్పింది ఒకే ఒక్క ముక్క, అందరూ పది పన్నెండు కిలోలు పెరగాలి అని. అందరూ ఒకటే ఎలా అవుతారండీ? 2009లో అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వేసిన లెక్క ప్రకారం, మొదట్లోనే బక్కగా ఉన్నామె పన్నెండున్నర నుంచి 18 కిలోలు పెరగాలి, బాగా లావుగా ఉన్నామెకి 5 నుంచి 9 చాలు. ఆ లెక్క వాళ్ల ఆడవాళ్ల కోసం వేసుకున్నది. ఎనిమిది దేశాల తల్లుల్ని చూసి 2016లో ఇంటర్‌గ్రోత్ 21 అనే అంతర్జాతీయ అధ్యయనం వాళ్లు, వారం వారం బరువు ఎలా పెరగాలో గీసిన గీతలున్నాయి, అందులో ఇండియా, కెన్యా, బ్రెజిల్ కూడా ఉన్నాయి, కాకపోతే అవి మొదట్లో సరైన బరువు ఉన్న ఆరోగ్యవంతులవి. మరి మాలాంటి పేద దేశాల్లో 40 కిలోలతో గర్భం మోసే పిల్లకి ఏ గీత పెట్టి చూడాలి? ఇది నర్సు తేల్చేది కాదు. మీ నిపుణుల్ని కూర్చోబెట్టి ఏదో ఒకటి తేల్చి కార్డు మీద అచ్చు వేయించండి.

ఇంకో సంగతి. వారం తిరక్కుండానే కిలోకి పైగా పెరిగి, ముఖమూ చేతులూ వాచి వస్తే అది తిన్న బలం కాదు, గర్భంలో బీపీ పెరిగే ప్రమాదకరమైన జబ్బు కావచ్చు, వెంటనే బీపీ, మూత్రంలో ప్రోటీన్ చూడాలి. మా మిషన్ పుణ్యమా అని అలాంటి తల్లిని కూడా "బాగా పెరిగావే" అని మెచ్చుకుని పంపించే ప్రమాదం ఉంది. తలచుకుంటేనే టెన్షన్.

ఇక పెరగలేదని తెలిసినా మేం చేసేదేముంది? "ఇంకాస్త తినమ్మా" అంటాం. ఒకావిడ నా మొహంలోకి చూసి "ఉంటే తిననా సిస్టర్" అంది. నేను తల దించుకుని కార్డులో రాసుకున్నాను. పోషకాహార లోపం ఎక్కువగా ఉన్నచోట గర్భిణులకి శక్తి, ప్రోటీన్ సమపాళ్లలో ఉన్న అదనపు ఆహారం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. మీరూ ఇస్తామన్నారు, వేదిక మీద ప్యాకెట్ పట్టుకుని ఫొటో కూడా దిగారు. ఆ ఒక్క ప్యాకెట్టే తయారు చేయించారేమో మరి, మాదాకా రాలేదు.

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. సున్నా దగ్గర నిలబడే మిషన్ ఒకటి, నెలకోసారి దాన్ని సరిచూసుకోవడానికి ఒక తూకం రాయి. సున్నం వేసినా చెరగని ఎత్తు కొలబద్ద. కార్డులో అంకెల గడుల బదులు గీత గీసే గ్రాఫ్, పోయిన నెల చుక్క పక్కన ఈ నెల చుక్క పెడితే చదువు రాని తల్లికి కూడా ఎటు పోతోందో కనబడుతుంది. ఇవన్నీ ఆలస్యమైతే కనీసం జబ్బ కొలిచే టేపులైనా పంపండి. గర్భంలో ఆ కొలత పెద్దగా మారదు, 23 సెంటీమీటర్లకు తక్కువుంటే బక్కగా ఉందని ఆలస్యంగా వచ్చినామెని కూడా పట్టుకోవచ్చు. అన్నిటికంటే ముందు యాప్‌లో "బరువు చూడలేదు" అని నొక్కే వీలు ఇవ్వండి. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. అబద్ధం రాయకుండా ఉండనివ్వండి, అంతే.

ఎల్లుండి మళ్లీ గర్భిణుల పరీక్షల రోజు. ముల్లు ఇంకా రెండు దగ్గరే ఉంది. నేను తీసేసే రాస్తాను. ఆ పై వారం నేను సెలవు.

ఇట్లు,
మీ శాఖలోనే పనిచేసే ఒక నర్సు