స్పెయిన్‌లోని వలెన్సియాలో మన తెలుగు సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి. వంటలు చేసిన అక్కలకు, హాలు ఊడ్చి తాళం వేసేదాకా ఉన్న తమ్ముళ్లకు, ఆదివారం తెలుగు బడి నడుపుతున్న టీచర్లకు కార్యవర్గం తరఫున ధన్యవాదాలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది మాత్రం పట్టు ప్రదర్శన. మనం ఉంటున్నది పట్టు ఊరు. ఇక్కడి నేతగాళ్ల సంఘం 1479 నాటికే తన కట్టుబాట్లు రాసుకుంది. వాళ్ల పాత భవనమే ఇప్పటి పట్టు మ్యూజియం. పట్టు బేరాలు సాగిన లోంజా భవనం 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. 19వ శతాబ్దం నడిమిలో పట్టుపురుగులకు తెగులు తగిలింది. మల్బరీ తోటలు పోయి నారింజ తోటలు పెరిగాయి. అయినా మగ్గం ఈనాటికీ ఆడుతోందంటే అది ఇక్కడి ఫాయాస్ పండుగ చలవే. ఆ పండుగలో మార్చి 17, 18 తేదీల్లో మరియమాతకు పూలు సమర్పించడానికి ఊరేగింపుగా వెళ్లే ఆడవాళ్లు వేసుకునేది ఈ పట్టు లంగాలే.

అలాంటి లంగా ఒకటి మన పక్కింటి స్పానిష్ కుటుంబం నమ్మకంతో ప్రదర్శనకు ఇచ్చింది. వారికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఆ ఇంటావిడ అంచు తిరగేసి చూపించారు. పువ్వు ఉన్న మేరకే వెనక రంగు దారాలు ఉన్నాయి, మిగతా బట్టంతా శుభ్రంగా ఉంది. పక్కనే మన ఉప్పాడ జాందానీ చీర పెట్టాం. ఏ పువ్వుకు కావలసిన రంగు ఆ పువ్వు దగ్గరే చిన్న కండెతో చేత్తో వేయడం రెండింటిలోనూ ఉంది. వలెన్సియా మగ్గంలో జకార్డు అట్టలు, అంటే డిజైన్ ప్రకారం చిల్లులు పెట్టిన అట్టలు, పడుగును (నిలువు దారాలను) ఎత్తుతాయి, అంతే. రోజంతా కూర్చున్నా జానెడు బట్ట దిగడమే గొప్ప. ఈ లంగా వేసుకున్నప్పుడు తలకు మూడు సిగలు, వాటిలో నగిషీ చెక్కిన మూడు ఇత్తడి దువ్వెనలు. ఆ దువ్వెనలను మన పిల్లలు వదల్లేదు.

హాలు కోసం ఒక కార్యాలయానికి పెట్టిన దరఖాస్తులకు నేటికీ జవాబు లేదు. చివరికి ఒక సభ్యుడు తన రెస్టారెంటే ఇచ్చారు. వాలంటీర్లుగా పేరిచ్చినవారిలో సగం మంది రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. బల్లలు మోసింది మా కార్యవర్గమూ, పెద్దవాళ్లూ. ఆ రోజు పడ్డ టెన్షన్ మాకే తెలుసు.

జమాఖర్చులు సరిపోయాయి. పట్టిక కోశాధికారి దగ్గర ఉంది.

మయోర్కా ద్వీపంలో నేయకముందే దారాలకు రంగులద్ది, మంటల్లాంటి డిజైన్ తెచ్చే బట్ట ఉంది. వచ్చే ఏడాది దాన్ని మన పోచంపల్లి చీరల పక్కన పెట్టాలని ఉంది. చీరలు ఇవ్వగలవారు, బల్లలు మోయగలవారు ఈ సమావేశం ముగిసేలోగా నాకు పేర్లు ఇవ్వాలి. పేరిచ్చినవారు దయచేసి రావాలి.