టెలిఫోను ఆయన రికార్డు

తెనాలి,
4 ఆగస్టు 2024

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం.

"నాన్నా, నీ టెలిఫోను ఆయన పోయారు" అని నువ్వు పంపిన ముక్క చూసి రెండు వారాలు దాటింది. ఫోనులో దాని గురించి మాట్లాడదామనుకున్నాను కానీ, ప్రతిసారీ పిల్లల చదువుల మీదికో మీ అమ్మ మందుల మీదికో మాట వెళ్లిపోయింది. అందుకే రాస్తున్నాను. ఫోను ముచ్చట్లతో నవ్వించిన అమెరికా హాస్యగాడు బాబ్ న్యూహార్ట్ జులై 18న పోయాడు, 94 ఏళ్లు. నిండు జీవితమే. అయినా ఆ సాయంత్రం బీరువా మీదనుంచి ఆయన రికార్డు దించి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మీ అమ్మ ఏమీ అడగకుండా కాఫీ పక్కన పెట్టి వెళ్లింది.

ఆ రికార్డు నువ్వు వందసార్లు విన్నావు. అది నా చేతికి ఎలా వచ్చిందో మాత్రం ఎప్పుడూ వివరంగా చెప్పలేదు.

1973 సెప్టెంబరులో షికాగో చేరాను. ఒక పెద్దావిడ ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్నాను. ఆవిడకు భర్త పోయి అయిదారేళ్లయింది, పిల్లలు వేరే ఊళ్లలో ఉండేవారు. ఆదివారం మధ్యాహ్నాలు కింద హాల్లోంచి ఒక మగగొంతు, దాని వెనక గుంపుగా నవ్వులు వినిపించేవి. మొదట రేడియో అనుకున్నాను. వారం వారం అవే మాటలు, అవే నవ్వులు అదే చోట వస్తుంటే, ఒకరోజు మెట్లు దిగి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమంది.

మనకు రికార్డు అంటే పాట, పద్యం, మహా అయితే నాటకం. ఒక మనిషి ఊరికే మాట్లాడితే దాన్ని రికార్డుగా వేసి అమ్ముతారని, జనం కొనుక్కుని ఇంట్లో పదేపదే వింటారని నాకు తెలియదు. ఆ రోజు నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఇంగ్లీషు రాక కాదు. పాఠ్యపుస్తకాల్లో చదివిన ఇంగ్లీషుకూ ఆ గొంతులోని తడబాటుకూ, మధ్యలో మింగేసే మాటలకూ పొంతన కుదరలేదు. రికార్డులోని జనం నవ్వుతారు, ఆవిడ నవ్వుతుంది, నేను ఆ ఇద్దరి మధ్యా కూర్చుని ఉంటాను. పరాయి దేశంలో ఉన్నానని మంచు కురిసిన రోజున కూడా నాకు అంతగా అనిపించలేదు.

ఆవిడ ఓపికమంతురాలు. రికార్డు పేరులో ఉన్న "బటన్ డౌన్" అంటే కాలరు కొసలకు గుండీలు పెట్టి బిగించే చొక్కా అని, కంపెనీల్లో పనిచేసేవాళ్లు అవి తొడుక్కుంటారని చెప్పింది. మాడిసన్ అవెన్యూ అంటే న్యూయార్కులో ప్రకటనల కంపెనీలు ఉండే వీధి అని చెప్పింది. ఈ రెండూ తెలియకపోతే ఆ రికార్డులో సగం పోతుంది. న్యూహార్ట్ తమ ఊరి మనిషేనని, లెక్కలు రాసే ఉద్యోగం చేసేవాడని ఆవిడకు ఎంత గర్వమో! పని విసుగు పుట్టినప్పుడు ఆయన, ఒక స్నేహితుడు ఒకరికొకరు ఫోను చేసుకుని లేనిపోని వేషాలు వేసేవారట. తరువాత ఆ స్నేహితుడు వేరే దారిన వెళ్లిపోయాడు. ఇటువైపు గొంతు మాత్రం మిగిలింది. ఒక్కడే ఫోను పట్టుకుని మాట్లాడడం, అవతలి మనిషి చెప్పేది వింటున్నట్టు ఆగడం, అదే ఆయన విద్య అయింది. 1960 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లోని ఒక క్లబ్బులో ఈ రికార్డు తీసేనాటికి ఆయన ఏ క్లబ్బులోనూ వేదిక ఎక్కి ఎరగడు. అలాంటిది ఆ ఏడాది అమెరికాలో అన్ని పాటల రికార్డులనూ దాటి మొదటి స్థానానికి వెళ్లింది. హాస్యపు రికార్డు అంత పైకి వెళ్లడం అదే మొదలు. మరుసటి ఏడాది గ్రామీ సంగీత పురస్కారాల్లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్ కూడా అదే.

అందులో మొదటిది లింకన్ ముచ్చట, నీకు గుర్తుండే ఉంటుంది. గెటిస్‌బర్గ్‌లో ప్రసంగం చెయ్యబోయే ముందు లింకన్‌కు ప్రచార వ్యవహారాలు చూసేవాడు ఒకడు ఫోను చేస్తాడు. గడ్డం తీసెయ్యాలని లింకన్ అనుకుంటున్నాడు, వీడు వద్దంటాడు. ప్రసంగంలో "నాలుగు ఇరవైల ఏడేళ్ల కిందట" అన్నదాన్ని లింకన్ ఎనభై ఏడుగా మార్చాడని తెలిసి వీడి గుండె జారిపోతుంది. ఇదీ ముచ్చట. ఆ ప్రసంగం నాకు హైస్కూల్లో మాస్టారు బట్టీ పట్టించారు, నిద్రలో లేపినా చెప్పేవాణ్ని. ఇక ఇరవైల లెక్కంటావా, మా నాయనమ్మ తన వయసు అలాగే చెప్పేది. "మూడిరవైల పైన తొమ్మిదిరా" అనేది. డిసెంబరులో ఒక ఆదివారం ఆ చోటు వచ్చేసరికి నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ లెక్కను ఎవరో గుమాస్తా వచ్చి అంకెల్లోకి దిద్దుతున్నట్టు కనిపించింది. పగలబడి నవ్వాను. నా నవ్వూ రికార్డులోని నవ్వులూ ఒకేసారి వచ్చాయి.

పెద్దావిడ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టింది.

అమ్మలూ, నాకు ఆ దేశంలో డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. వాటిలో ఏదీ ఆ నిమిషంతో సమానం కాదు. అప్పటికి పదమూడేళ్ల కిందట, నేనింకా తెనాలిలో నిక్కర్లు తొడుక్కుని తిరిగే రోజుల్లో, ఎక్కడో హ్యూస్టన్‌లో చీకటి హాల్లో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనుషుల పక్కన నాకూ ఒక కుర్చీ దొరికింది.

ఆ పద్ధతి నాకు మరీ కొత్త కాదని తరువాత తెలిసొచ్చింది. శ్రీరామనవమి పందిట్లో హరిదాసు ఏం చేసేవాడు? చిడతలు పట్టుకుని ఒక్కడే నిలబడి, తానే రాముడై, తానే కైకేయియై, జనం అలిసిపోయారనిపిస్తే ఒక పిట్టకథ విసిరేవాడు. మా నాన్న భుజం మీద నిద్రపోతున్న నేను ఆ నవ్వులకే లేచేవాణ్ని. హరిదాసుకు పక్కన హార్మోనియం ఉంది, మృదంగం ఉంది, పైన దేవుడున్నాడు. న్యూహార్ట్‌కు చేతిలో ఫోను కూడా నిజంగా లేదు.

ఆవిడ దగ్గర ఇంకో రికార్డు ఉండేది. మైక్ నికల్స్, ఎలేన్ మే అనే జంటది, అదీ 1960లోదే. వాళ్లిద్దరూ షికాగోలోనే మొదలుపెట్టారు. అందులో ఒక తల్లి కొడుకుకు ఫోను చేస్తుంది. కొడుకు రాకెట్లు ఎగరేసే శాస్త్రవేత్త, పని ఒత్తిడిలో ఫోను చెయ్యడం మరిచిపోయాడు. ఆ తల్లి శుక్రవారం నుంచి ఫోను పక్కనే కూర్చుంది. అన్నం కూడా తినలేదు. ఎందుకంటే కొడుకు ఫోను వచ్చే వేళకు నోట్లో ముద్ద ఉండకూడదట. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ కొడుకు చివరికి పసిపిల్లవాడి గొంతులోకి దిగిపోతాడు. హాలంతా గొల్లున నవ్వుతుంది.

నేనూ నవ్వాను. గదికి వెళ్లాక నవ్వు రాలేదు. మా అమ్మకు ఫోను లేదు. నీలం రంగు ఏరోగ్రామ్ వచ్చే దాకా ఎదురుచూడడమే. నేను రాసి అయిదు వారాలయింది. ఆ రాత్రే కూర్చుని అంచుల దాకా నింపి రాశాను. ఆ తరువాత అక్కడున్నన్నాళ్లూ ఆదివారం రికార్డు అయ్యాక ఉత్తరం రాయడం నాకు అలవాటయింది. అమ్మ పోయాక ఆవిడ ట్రంకుపెట్టెలో ఆ ఏరోగ్రాములన్నీ పసుపు గుడ్డలో కట్టి కనిపించాయి.

1979లో తిరిగి వచ్చేముందు ఆ రెండు రికార్డులూ పాత సరుకు దుకాణంలో వెతికి కొనుక్కున్నాను. పెద్దావిడ తనవి తీసుకోమంది కానీ, ఆవిడ ఆదివారాలు ఏం కావాలి?

మిగతాది నీకు తెలుసు. విజయవాడ ఇంట్లో కరెంటు పోయినప్పుడు న్యూహార్ట్ గొంతు బరువెక్కి, సాగి, ఆగిపోవడం, నువ్వు ఆ సాగిన గొంతును అనుకరించడం. మనకు ఫోను వచ్చినప్పుడు నీకు ఏడేళ్లు. ఎవరూ లేని ఫోను చెవికి పెట్టుకుని "అలాగా... అవునా... ఎన్ని దోసెలు?" అని నువ్వు ఆగి ఆగి మాట్లాడుతుంటే, అవతల ఎవరున్నారో ఏమన్నారో మాకు తెలిసిపోయేది. ఆ ఆగడం నీకు ఎవరూ నేర్పలేదు. వినీ వినీ వచ్చింది. ఎన్నో ఏళ్ల తరువాత టీవీలో ముసలి ప్రొఫెసరు వేషంలో ఆయన్ని చూసి, "అదే ఆగడం నాన్నా" అని గుర్తుపట్టావు. దానికే 2013లో ఆయనకు టీవీ వాళ్లకిచ్చే ఎమ్మీ పురస్కారం మొదటిసారి వచ్చింది, 84 ఏళ్ల వయసులో.

రికార్డులో ఉన్నదంతా ఈనాటికీ నిలిచిందని అనను. కారు నేర్పే ముచ్చటలో నవ్వంతా బండి నడిపే ఆడమనిషి మీదే. "నేర్చుకునేవాడు మగవాడైతే ఇంత నవ్వుతారా?" అని మీ అమ్మ ఆనాడే అడిగింది. సమాధానం చెప్పలేకపోయాను. నీకు స్కూటరు నేర్పాక అది వెయ్యడం మానేశాను. జలాంతర్గామి కెప్టెను ప్రసంగం మాత్రం నాకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది.

నికల్స్, మే రికార్డు రెండేళ్ల కిందటి రోహిణీ కార్తెలో వంగిపోయింది, ముల్లు నిలవడం లేదు. న్యూహార్ట్‌ది బాగానే ఉంది. ఇక్కడ మన ప్లేయరు బాగుచేసేవాళ్లు దొరకడం లేదు. అందుకని వచ్చే నెల మీ పిన్ని వస్తున్నప్పుడు దాన్ని నీకు పంపుతున్నాను. మీ అమ్మ రెండు నేత చీరల మధ్య పెట్టి సర్దింది. గోంగూర పచ్చడి వేరే పెట్టెలో ఉంది, రికార్డు దగ్గరికి రానివ్వలేదు. అక్కడ పాత ప్లేయరు ఒకటి చూసుకో. పిల్లలకు మొదట లింకన్ వినిపించు. అర్థం కాలేదంటే వెంటనే చెప్పెయ్యకు, రెండు మూడు ఆదివారాలు ఆగు.

షికాగోలో నేవీ పియర్ రేవు దగ్గర ఆయన కంచు విగ్రహం ఉందట. టీవీలో వేసిన మనస్తత్వ నిపుణుడి వేషంలో కుర్చీలో కూర్చుని ఉంటాడట, ఎదుట ఖాళీ సోఫా. నేను వచ్చినప్పుడు చూడడం కుదరలేదు. ఒక ఆదివారం పిల్లలను తీసుకుని వెళ్లి ఆ సోఫాలో కూర్చుని ఫోను చెయ్యి. అక్కడ ఉదయం పదయితే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ముందే భోజనం చేసి కూర్చుంటాను.

మీ
నాన్న